పాత హామ్ రేడియో సాఫ్ట్‌వేర్ కొత్త కంప్యూటర్‌లో మొరాయిస్తోందా? తుపాను సీజన్‌కు ముందే చూసుకోవాల్సినవి ఇవే!

సఖినేటిపల్లి: 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ సపోర్ట్ ముగిసింది. రెండు వారాలు తిరిగేసరికి, అక్టోబర్ 28 రాత్రి, మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటింది. వశిష్ఠ గోదావరికి అటు ఒడ్డు నరసాపురం, ఇటు ఒడ్డు సఖినేటిపల్లి. గాలివాన ముదిరితే ఇక్కడ పంటు ఆగిపోతుంది. కరెంటు పోతుంది. సెల్ టవర్ల బ్యాటరీలు అయిపోతే ఫోన్లు కూడా మూగబోతాయి. అలాంటప్పుడు అక్కరకొచ్చేది బ్యాటరీ మీద నడిచే హామ్ రేడియో.

ఆ రేడియోకు తోడుండే కంప్యూటర్ ప్రోగ్రాముల్లో చాలా వరకు 15, 20 ఏళ్ల కిందటివి. కంప్యూటర్ మారగానే అవి మొరాయిస్తాయి. అయితే వాటిలో చాలావాటిని మళ్లీ నడిపించొచ్చు. లోపం ఎక్కడుందో తెలిస్తే చాలు.

హామ్ రేడియోకు కంప్యూటర్ ఎందుకు?

మాట్లాడటానికి రేడియో, మైకు, యాంటెన్నా ఉంటే సరిపోతుంది. కానీ పేర్ల జాబితా, మందుల లెక్క, ఫొటో లాంటివి పంపాలంటే కంప్యూటర్ కావాలి. అక్షరాలను సౌండ్ కార్డు శబ్దాలుగా మారుస్తుంది, రేడియో వాటిని పంపుతుంది, అవతలి కంప్యూటర్ మళ్లీ అక్షరాలుగా మారుస్తుంది. కొన్ని పద్ధతుల్లో, గొంతు అర్థం కానంత బలహీనమైన సిగ్నల్‌లోనూ సమాచారం చేరుతుంది.

జపాన్ హామ్ మకోటో మోరి రాసిన ఎంఎంటీటీవై, ఎంఎంఎస్ఎస్‌టీవీ ఇలాంటివే. మొదటిది రేడియో టెలిటైప్ కోసం, రెండోది ఫొటోల కోసం. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం అప్పుడప్పుడు 145.800 మెగాహెర్ట్జ్‌పై పంపే చిత్రాలను చాలామంది ఈ రెండో ప్రోగ్రాంతోనే అందుకుంటారు. స్టేషన్ల స్థానాన్ని మ్యాప్‌పై చూపే యూఐ వ్యూ 32 కథ వేరు. దాన్ని రాసిన బ్రిటన్ హామ్ రోజర్ బార్కర్ 2004లో కన్నుమూశారు. ఆయన కోరిక మేరకు సోర్స్ కోడ్‌ను నాశనం చేశారు. అంటే దానికి ఇక కొత్త వెర్షన్ రాదు. మన కంప్యూటర్‌నే దానికి తగ్గట్టు సర్దుకోవాలి.

తెలుగు నేలకు ఇది కొత్త కాదు

1996 నవంబర్ 6న కోనసీమను తాకిన తుపాను వెయ్యి మందికి పైగా ప్రాణాలు తీసింది. సమాచారం అందకపోతే ఎంత నష్టమో ఈ ప్రాంతానికి ఒకరు చెప్పక్కర్లేదు. హైదరాబాద్‌లో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో 1983 నుంచి ఉంది. ఆ సంస్థకు చెందిన భారతి ప్రసాద్ బృందం 2004 డిసెంబర్ 26న సునామీ వచ్చినప్పుడు పోర్ట్ బ్లెయిర్‌లోనే ఉంది. హామ్ రేడియోతో అండమాన్ నుంచి ప్రధాన భూభాగానికి సందేశాలు చేరవేసింది. 2014 అక్టోబర్ 12న విశాఖను హుద్‌హుద్ కుదిపేసినప్పుడు కూడా హామ్ ఆపరేటర్లు రంగంలోకి దిగారు.

ముందు తేల్చుకోవాల్సింది: 16 బిట్టా, 32 బిట్టా?

ఇదే అసలు ప్రశ్న. డాస్, విండోస్ 3.1 కాలం ప్రోగ్రాములు దాదాపుగా 16 బిట్‌వి. 64 బిట్ విండోస్‌లో అవి నేరుగా నడవవు. విండోస్ 10లో 32 బిట్ ఎడిషన్ ఉండేది కాబట్టి కొందరు దానితో నెట్టుకొచ్చారు. విండోస్ 11 మాత్రం 64 బిట్‌లోనే వచ్చింది. ఆ దారి మూసుకుపోయింది.

విండోస్ 95 తర్వాత వచ్చిన 32 బిట్ ప్రోగ్రాములు మాత్రం విండోస్ 11లోనూ చాలా వరకు తెరుచుకుంటాయి. ఒక్కోసారి ప్రోగ్రాం 32 బిట్‌దే అయినా, దాన్ని ఇన్‌స్టాల్ చేసే ఫైల్ 16 బిట్‌ది కావడంతో మొదట్లోనే ఆగిపోతుంది. అప్పుడు పాత కంప్యూటర్‌లో ఇన్‌స్టాల్ అయిన ఫోల్డర్‌ను మొత్తంగా కాపీ చేసి చూడాలి. చిన్న ప్రోగ్రాములు చాలాసార్లు అలాగే నడుస్తాయి.

16 బిట్ వాటికి మూడు దారులు

* డాస్‌బాక్స్: డాస్ ప్రోగ్రాములను నడిపే ఉచిత సాఫ్ట్‌వేర్. కంప్యూటర్‌లోని నిజమైన సీరియల్ పోర్టును కూడా డాస్ ప్రోగ్రాంకు అప్పగించొచ్చు. లాగ్ రాసుకోవడానికి బాగుంటుంది. ప్యారలల్ పోర్టుతో మోర్స్ పంపే పనికి మాత్రం నమ్ముకోలేం.
* వర్చువల్ మెషీన్: వర్చువల్‌బాక్స్ లాంటి దాంట్లో పాత విండోస్ వేసుకోవచ్చు. లైసెన్స్ ఉండాలి. శబ్దం కాస్త ఆలస్యంగా, తెగుతూ రావచ్చు. ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్‌లోనే సపోర్ట్ ఆగింది కాబట్టి దాన్ని ఇంటర్నెట్‌కు కలపొద్దు.
* పాత ల్యాప్‌టాప్: అటక మీద పడేసినదాన్ని దించి, ఇంటర్నెట్ లేకుండా రేడియోకు మాత్రమే కేటాయించడం. సీరియల్ పోర్టు ఉన్నదైతే దాన్ని అమ్మేయకపోవడమే మంచిది.

ప్రోగ్రాం తెరుచుకుంటుంది.. సెట్టింగ్స్ నిలవవు

కారణం ప్రోగ్రాం ఫైల్స్ ఫోల్డర్. పాత ప్రోగ్రాములు తమ సెట్టింగ్స్, లాగ్ అన్నీ తమ ఫోల్డర్‌లోనే రాసుకుంటాయి. విస్టా నుంచి విండోస్ దీన్ని అడ్డుకుంటోంది. రాసిన ఫైళ్లను వర్చువల్‌స్టోర్ అనే చోటికి గుట్టుగా మళ్లిస్తుంది. లాగ్ మాయమైందని కంగారుపడే ముందు యూజర్ ఫోల్డర్‌లో యాప్‌డేటా, అందులో లోకల్, అందులో వర్చువల్‌స్టోర్ వెతకండి.

అసలు పరిష్కారం తేలికే. సి డ్రైవ్‌లో హామ్ పేరుతో విడిగా ఫోల్డర్ చేసుకుని, పాత ప్రోగ్రాములన్నీ అందులోనే ఇన్‌స్టాల్ చేయాలి. ప్రతిసారీ అడ్మినిస్ట్రేటర్‌గా నడపాల్సిన అవసరం ఉండదు.

సిగ్నల్ వస్తోంది.. తెరపై ఏమీ లేదు

రేడియోలో శబ్దం వినిపిస్తున్నా ప్రోగ్రాంలో గీత కదలకపోతే, ముందు మైక్రోఫోన్ అనుమతి చూడాలి. సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, అందులో మైక్రోఫోన్. డెస్క్‌టాప్ యాప్స్‌కు అనుమతి ఆన్‌లో ఉండాలి. రేడియో శబ్దాన్ని కూడా విండోస్ మైకు కిందే లెక్కేస్తుంది.

తర్వాత ఆడియో ఎన్‌హాన్స్‌మెంట్స్ ఆపేయాలి. గొంతు స్పష్టంగా రావడానికి పెట్టిన నాయిస్ తగ్గింపు, రేడియో టోన్‌లను రొదగా భావించి చెరిపేస్తుంది. రేడియోకు కలిపిన సౌండ్ డివైస్‌ను డిఫాల్ట్‌గా పెట్టొద్దు. పెడితే విండోస్ కొట్టే టింగ్ టింగ్‌లు కూడా గాలిలోకి వెళ్తాయి. చిత్రం ఏటవాలుగా వస్తే తప్పు సాధారణంగా సౌండ్ కార్డు వేగంలో ఉంటుంది. ఎంఎంఎస్ఎస్‌టీవీలో క్లాక్ సరిచేసే ఆప్షన్ అందుకే ఉంది.

కేబుల్ దగ్గరే పేచీ

కొత్త ల్యాప్‌టాప్‌లకు సీరియల్ పోర్టు లేదు. యూఎస్‌బీ కేబుల్ వాడాల్సిందే. ఇక్కడ రెండు చిక్కులు ఎక్కువ.

మొదటిది చిప్. ప్రొలిఫిక్ పీఎల్ 2303 పాత రకం చిప్‌లను, వాటి నకళ్లను కొత్త డ్రైవర్ ఒప్పుకోదు. డివైస్ మేనేజర్‌లో పసుపు గుర్తు కనిపిస్తుంది. డ్రైవర్ పాత వెర్షన్‌ను ఎంచుకుంటే కొన్ని పనిచేస్తాయి. అసలైన ఎఫ్‌టీడీఐ చిప్ ఉన్న కేబుల్ కొనుక్కుంటే ఆ తలనొప్పే ఉండదు.

రెండోది పోర్టు నంబరు. విండోస్ దానికి కామ్ 12, కామ్ 15 అని పెట్టేస్తుంది. కామ్ 4 లేదా కామ్ 9 దాటితే కొన్ని పాత ప్రోగ్రాములకు కనిపించవు. డివైస్ మేనేజర్‌లో పోర్ట్ ప్రాపర్టీస్, పోర్ట్ సెట్టింగ్స్, అడ్వాన్స్‌డ్‌లోకి వెళ్లి చిన్న నంబరు ఇవ్వాలి.

జాగ్రత్త: కేబుల్ పెట్టగానే, కంప్యూటర్ ఆన్ అవగానే రేడియో దానంతటదే ట్రాన్స్‌మిట్‌లోకి వెళ్లొచ్చు. సీరియల్ లైన్లతోనే రేడియోను ఆన్ చేస్తారు కాబట్టి ఇలా జరుగుతుంది. మొదటి పరీక్ష డమ్మీ లోడ్‌పై, తక్కువ పవర్‌తో చేయాలి.

ఇవి ముందే చేసిపెట్టుకోండి

* ఇన్‌స్టాల్ ఫైళ్లు, డ్రైవర్లు పెన్‌డ్రైవ్‌లో ఉంచాలి. తుపాను రాత్రి డౌన్‌లోడ్ అవ్వవు.
* లాగ్‌ను ఏడీఐఎఫ్ ఫార్మాట్‌లో దాచాలి. ప్రోగ్రాం పోయినా వేరే దాంట్లో తెరుచుకోవచ్చు.
* పాత హెల్ప్ ఫైళ్లు విండోస్ 10, 11లో తెరుచుకోవు. ముఖ్యమైన పేజీలు కాగితంపై ప్రింట్ తీసుకోవాలి.
* పనిచేస్తున్న సెట్టింగ్స్‌ను స్క్రీన్‌షాట్ తీసి, అది కూడా ప్రింట్ చేసుకోవాలి.
* ల్యాప్‌టాప్ బ్యాటరీ మీదే ఒకసారి మొత్తం నడిపి చూడాలి. ఎన్ని గంటలు వస్తుందో అప్పుడే తెలుస్తుంది.
* ఎఫ్ఎల్‌డిజి లాంటి ఇప్పటి ఉచిత ప్రోగ్రాం ఒకటి పక్కన ఉంచాలి. అది విండోస్‌లోనూ, లైనక్స్‌లోనూ నడుస్తుంది. విండోస్ 11కు అర్హత లేని ల్యాప్‌టాప్‌లో లైనక్స్ వేసుకుంటే రేడియో పనికి ఇంకొన్నేళ్లు వాడుకోవచ్చు.

లైసెన్స్ తప్పనిసరి

మన దేశంలో హామ్ రేడియోలో ప్రసారం చేయాలంటే కేంద్ర టెలికాం శాఖ లైసెన్స్ ఉండాలి. పరీక్ష రాయడానికి కనీసం 12 ఏళ్లు నిండాలి. పాస్ అయితే గ్రేడును బట్టి వీయూ2 లేదా వీయూ3తో మొదలయ్యే కాల్ సైన్ ఇస్తారు.

కోనసీమ తీరానికి అక్టోబర్, నవంబర్ నెలలు గడ్డుకాలం. కాబట్టి ఈ పరీక్షలన్నీ ఎండాకాలంలోనే ముగించుకోవాలి. పాత ప్రోగ్రాం పనిచేయదని తేలినా అప్పుడైతే ప్రత్యామ్నాయం నేర్చుకోవడానికి టైం ఉంటుంది. రేవులో పంటు కట్టేశాక కేబుల్ కోసం నరసాపురం వెళ్లడం కుదరదు.