ఒడ్డున ఉన్న పడవకూ కాపలా కావాలి
ఇంటికి దూరంగా ట్రైలర్‌పై ఉంచేవారు పాటించవలసిన జాగ్రత్తలు

లక్డీకాపూల్: పడవకు ప్రమాదం నీటిలోనే పొంచి ఉంటుందని అనుకోవడం సహజం. సెలవు రోజున సరదాకో, పోటీల అభ్యాసానికో పడవ నడిపే నగరవాసి విషయంలో మాత్రం లెక్క వేరు. వారంలో ఆరు రోజులు ఆ పడవ ఒడ్డునే, ట్రైలర్‌పైనే, యజమాని కంటికి దూరంగా పడి ఉంటుంది. దొంగల భయం, గాలివాన, ఎండ దెబ్బ, ఎలుకల బెడద అన్నీ ఆ రోజుల్లోనే. లక్షలు వెచ్చించి కొన్న పడవ నాలుగు కాలాలపాటు నిలవాలంటే నడపడంలో నేర్పు ఒక్కటే చాలదు, దాచడంలోనూ శ్రద్ధ ఉండాలి.

ఇంటి వద్ద చోటేదీ?

లక్డీకాపూల్, ఖైరతాబాద్ ప్రాంతాల నుంచి హుస్సేన్‌సాగర్ కొద్ది నిమిషాల ప్రయాణమే. కుతుబ్‌షాహీల కాలంలో, 1562 ప్రాంతంలో నిర్మించిన ఈ చెరువు నేడు దేశంలో తెరచాప పడవల క్రీడకు పేరొందిన కేంద్రాల్లో ఒకటి. ఈఎంఈ సెయిలింగ్ అసోసియేషన్, సికింద్రాబాద్ సెయిలింగ్ క్లబ్, యాచ్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్ వంటి సంస్థలు ఇక్కడ శిక్షణ, పోటీలు నిర్వహిస్తున్నాయి. హైదరాబాద్ సెయిలింగ్ వీక్ పోటీలు వానకాలంలోనే జరుగుతుంటాయి.

చెరువు దగ్గరే అయినా పడవను ఇంటి వద్ద ఉంచుకోవడం అపార్ట్‌మెంట్ వాసులకు సాధ్యం కాదు. ఒక్కరు నడిపే లేజర్ తరగతి పడవ పొడవు 4.2 మీటర్లకు పైనే. దానికి ట్రైలర్ ముందు కడ్డీ తోడైతే కారుకు కేటాయించిన స్థలంలో పట్టదు. రద్దీ వేళల్లో లక్డీకాపూల్ కూడలి మీదుగా ట్రైలర్‌ను ఈడ్చుకువెళ్లడమూ తేలిక కాదు. అందువల్ల చెరువు ఒడ్డున క్లబ్ ఆవరణలోనో, శివార్లలో అద్దె స్థలంలోనో ఉంచక తప్పదు.

స్థలం ఎంపికే కీలకం

అద్దె ఎంత అన్నదాని కంటే ముందు చూడవలసినవి వేరే ఉన్నాయి. ప్రహరీ, రాత్రి వెలుతురు, కావలి మనిషి, వచ్చిపోయే వాహనాల నమోదు పుస్తకం ఉన్నాయా లేదా పరిశీలించాలి. నేల గట్టిగా, ఎత్తుగా ఉండాలి. హుస్సేన్‌సాగర్ పూర్తిస్థాయి నీటిమట్టం 513.41 మీటర్లు. భారీ వర్షాలకు చెరువు ఆ మట్టానికి చేరుతుంటుంది కాబట్టి ఒడ్డుకు ఆనుకుని పడవను వదలడం మంచిది కాదు. పెద్ద చెట్ల కిందా, విద్యుత్ తీగల కిందా ఉంచరాదు. తెరచాప కొయ్యను దించి విడిగా కట్టి ఉంచాలి. నిలబెట్టిన కొయ్య తీగలకు తగిలితే ప్రాణానికే ముప్పు.

వీధిలో నిలిపి ఉంచుదామనుకుంటే చట్టం ఒప్పదు. మోటారు వాహనాల చట్టం, 1988 ప్రకారం ట్రైలర్ కూడా వాహనమే. రిజిస్ట్రేషన్ నిబంధనలు దానికీ వర్తిస్తాయి. బహిరంగ స్థలంలో పది గంటలు, అంతకు మించి ఎవరూ లేకుండా వదిలేసిన వాహనాన్ని అక్కడి నుంచి తరలించడానికి 127వ సెక్షన్ పోలీసులకు అధికారం ఇస్తోంది. తరలింపు ఖర్చు యజమానిపైనే పడుతుంది.

ఒక్క తాళం చాలదు

లేజర్ పడవ ఖాళీ బరువు దాదాపు 59 కిలోలు. పిల్లలు నడిపే ఆప్టిమిస్ట్ 35 కిలోలే. అంటే ఇద్దరు మనుషులు ఎత్తుకుపోగలరు. ట్రైలర్‌కు తాళం వేసి పడవను తాడుతో కట్టి వదిలితే తాడు కోయడానికి నిమిషం పట్టదు. కాబట్టి మూడు చోట్ల కట్టుదిట్టం కావాలి.

* ట్రైలర్‌ను కారుకు తగిలించే కొక్కేనికి తాళం వేయాలి. అప్పుడు వేరే వాహనానికి తగిలించుకుని పోలేరు.
* చక్రానికి బిగించే ఇనుప పట్టీ తాళం వేయాలి.
* పడవను, ట్రైలర్‌ను కలిపి ఉక్కు గొలుసుతో నేలలో పాతిన కడ్డీకో, స్తంభానికో బంధించాలి.

ఇంజిన్ ఉంటే విడదీసి లోపల భద్రపరచాలి. తెడ్లు, చుక్కాని, తెరచాప, లైఫ్ జాకెట్లు పడవలో వదలరాదు. వరుస సంఖ్యను నోట్ చేసుకుని, నాలుగు వైపులా ఫొటోలు తీసి ఉంచుకోవాలి. ఇంజిన్‌కు వేరే సంఖ్య ఉంటుంది, దానినీ రాసుకోవాలి.

వాన నీరే బరువు

తెరచి ఉన్న పడవలో రెండు మీటర్ల పొడవు, ఒక మీటరు వెడల్పున పది సెంటీమీటర్ల ఎత్తు నీరు నిలిస్తే దాని బరువు 200 కిలోలు. చిన్న ట్రైలర్ ఇరుసు వంగడానికి, పడవ అడుగు పగలడానికి అది చాలు. అందుకే నిలిపి ఉంచినంత కాలం అడుగు బిరడా తీసి ఉంచాలి. ముందు భాగం కాస్త ఎత్తుగా ఉంటే నీరు వెనుక నుంచి జారిపోతుంది. మళ్లీ నీటిలోకి దింపే ముందు బిరడా బిగించడం మరవరాదు. నిలవ నీటిలో దోమలు పెరిగి ఇరుగుపొరుగుకు డెంగీ ముప్పు తెస్తాయన్నదీ గమనించాలి.

వేసవి చివర వీచే ఈదురుగాలులకు తేలికపాటి పడవలు పల్టీ కొడతాయి. పడవను ట్రైలర్‌కు రెండు చోట్ల వెడల్పాటి పట్టీలతో బిగించాలి. చక్రాలకు ముందూ వెనుకా చెక్క దిమ్మలు పెట్టాలి. నెలల తరబడి కదిలించని పక్షంలో ఇరుసు కింద దిమ్మలు పెట్టి టైర్లపై భారం తగ్గించాలి. టార్పాలిన్ కప్పితే ఎండకు ఫైబర్ వెలిసిపోకుండా, తాళ్లు పెళుసెక్కకుండా కొంతవరకు కాపాడవచ్చు. అయితే గాలి ఆడేలా కప్పాలి. బిగించి కప్పితే లోపల బూజు పడుతుంది, ఎలుకలు, కందిరీగలు చేరతాయి. పెట్రోలు డబ్బాను పడవలో ఉంచరాదు. బ్యాటరీని విప్పి తీసుకువెళ్లాలి.

పత్రాలు సిద్ధంగా ఉండాలి

కారుకు బీమా ఉన్నంత మాత్రాన ట్రైలర్‌కూ, పడవకూ వర్తిస్తుందని భావించరాదు. ఇంటికి దూరంగా నిలిపినప్పుడు దొంగతనం, వరద నష్టం వర్తిస్తాయా అని కంపెనీని రాతపూర్వకంగా అడగాలి. అద్దె స్థలం యజమానితో బాధ్యత ఎవరిదో తేల్చే ఒప్పందం రాయించుకోవాలి. ఇంజిన్ పడవ అయితే 2021 నాటి అంతర్దేశీయ నౌకల చట్టం కింద రిజిస్ట్రేషన్ సంగతి విచారించుకోవాలి.

దొంగతనం జరిగితే వెంటనే ఫిర్యాదు చేయాలి. పడవ వేరే జిల్లాలో పోయినా సమీప పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు ఇవ్వవచ్చు. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని 173వ సెక్షన్ ఈ వీలు కల్పిస్తోంది.

నష్టం యజమానికే పరిమితం కాదు

కట్టుతెగిన పడవ ఏమి చేయగలదో 2024 సెప్టెంబరులో విజయవాడ చూసింది. కృష్ణా నదికి 11 లక్షల క్యూసెక్కులకు మించిన రికార్డు వరద వచ్చిన ఆ రోజుల్లో ఎగువ నుంచి భారీ పడవలు కొట్టుకువచ్చి ప్రకాశం బ్యారేజీ గేట్లను ఢీకొన్నాయి. గేట్ల కౌంటర్ వెయిట్లు దెబ్బతిన్నాయి. చిక్కుకున్న పడవలను వెలికితీయడానికి ఇంజినీర్లు, గజ ఈతగాళ్లు రోజుల తరబడి శ్రమించవలసి వచ్చింది. అవి ఇసుక తరలించే బరువైన పడవలు. హుస్సేన్‌సాగర్‌లో తిరిగే చిన్న పడవలకు వాటితో పోలిక లేదు. అయినా గాలికి ఎగిరి పక్క పడవపై పడినా, వరదకు కొట్టుకుపోయి తూముకు అడ్డం పడినా ఇతరులకు నష్టమే.

వారానికి ఒకసారైనా వెళ్లి తాళాలు, పట్టీలు, టైర్లలో గాలి, బిరడా రంధ్రం చూసుకోవాలి. వాతావరణ శాఖ భారీ వర్ష హెచ్చరిక ఇచ్చిన రోజున మరోమారు వెళ్లిరావాలి. ఊరు విడిచి వెళ్లేవారు ఆ పనిని నమ్మకస్తుడైన తోటి సభ్యుడికి అప్పగించి, తాళం చెవి ఒకటి అతని వద్ద ఉంచాలి.