ఉత్తరాంధ్రలో అడ్డపొగ, అంగిలి క్యాన్సర్, ఆహారం

చుట్టకు నిప్పున్న కొసను నోటిలోపల ఉంచుకొని, పెదవులు మూసి పొగ పీల్చే అలవాటును ఉత్తరాంధ్రలో అడ్డపొగ అంటారు. శ్రీకాకుళం, విశాఖపట్నం తీరపు పల్లెల్లో తరతరాలుగా సాగిన ఈ ఆచారం స్త్రీలలో మరింతగా పాతుకుపోయింది. గాలికీ నీటి తుంపరకూ చుట్ట ఆరిపోదనీ, పనిచేసే చేతులకు అడ్డు రాదనీ దీనికి కారణాలు చెబుతారు. పోర్చుగీసు వర్తకంతో దేశానికి చేరిన పొగాకు గోదావరి లంకల ఒండ్రునేలల్లో పేరున్న పంటగా స్థిరపడిన తరువాత చుట్ట తెలుగు పల్లెలకు సులువుగా అందింది కాని, దాన్ని తిరగేసి తాగడం అన్ని జిల్లాలకూ పాకలేదు. పనామా, కొలంబియా, ఫిలిప్పీన్స్‌లలో కూడా ఈ పద్ధతి ఉండేది గనుక దీన్ని ఒక ప్రాంతపు వింతగా చూడడం సరికాదు.

అడ్డపొగలో నిప్పు వేడి, పొగ నేరుగా నోటి పైకప్పును, అంటే అంగిలిని తాకుతాయి. ఇతర చోట్ల అరుదుగా కనిపించే గట్టి అంగిలి క్యాన్సర్‌తో రోగులు తరచుగా వస్తూండడం వల్ల 1930లలోనే విశాఖపట్నం వైద్యులు ఈ సంబంధాన్ని గుర్తించారు. డెన్మార్క్ శాస్త్రవేత్త పిండ్‌బోర్గ్, బొంబాయికి చెందిన మెహతా, వారి సహచరులు 10,169 మంది గ్రామీణులను పరీక్షించి 1971లో ప్రచురించిన అధ్యయనం ఆ గుర్తింపుకు లెక్కల బలం చేకూర్చింది. ఆ గ్రామీణులలో సుమారు 44 శాతం మంది అడ్డపొగ తాగేవారే.

అందరూ ఒకే చుట్ట తాగుతున్నా అందరికీ క్యాన్సర్ రాదు కాబట్టి, తినే తిండి వైపు పరిశోధకుల దృష్టి మళ్లడం సహజమే. 1918లో కూనూరులో మొదలై 1958లో హైదరాబాదుకు తరలిన సంస్థే నేటి జాతీయ పోషకాహార సంస్థ. అక్కడి కమలా కృష్ణస్వామి బృందం అడ్డపొగ తాగే 298 మందిని రెండు జట్లుగా విభజించి, ఒక జట్టుకు విటమిన్ ఎ, రైబోఫ్లేవిన్, జింక్, సెలీనియం కలిపి ఏడాదిపాటు ఇచ్చి, రెండో జట్టుకు మందు లేని ఉత్తుత్తి గుళికలు ఇచ్చింది. 1995లో వెలువడిన ఫలితాల ప్రకారం, క్యాన్సర్‌కు ముందుదశ అనదగిన మచ్చలు మొదటి జట్టులో 57 శాతం మందికి, రెండో జట్టులో 8 శాతం మందికి పూర్తిగా మానాయి. పేదరికం వల్ల ఆకుకూర, పండు, పాలు కరవైన కంచానికి ఈ వ్యాధిలో వాటా ఉందని ఇంత స్పష్టంగా చూపిన ప్రయత్నాలు తక్కువ.

అయితే గుళిక మింగుతూ చుట్ట కొనసాగించవచ్చని దీన్ని అర్థం చేసుకోవడం ప్రమాదకరం. ఫిన్లాండ్‌లో 29,133 మంది పొగతాగే మగవారిపై జరిగి, 1994లో ఫలితాలు వెలువడిన పరీక్షలో, విటమిన్ ఎకు మూలమైన బీటా కెరోటిన్ గుళికలు వాడినవారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం పెరిగింది. మునగాకు, బొప్పాయి, గుమ్మడి ద్వారా అందే కెరోటిన్‌నూ అధిక మోతాదు గుళికనూ ఒకే గాటన కట్టకూడదు. చుట్ట మానడానికి ప్రత్యామ్నాయం లేదు.

వ్యాధి నిర్ధారణ అయ్యాక తిండి సమస్య వేరే రూపు దాలుస్తుంది. అంగిలిలో కొంత భాగం తీసివేసినప్పుడు ముద్ద ముక్కులోకి ఎగదన్నకుండా, ఆ రంధ్రాన్ని మూసే పలకను అమరుస్తారు. రేడియేషన్ వల్ల నోరు పొక్కి, లాలాజలం తగ్గి, కారం, పులుపు మండిస్తాయి. ఉత్తరాంధ్రకు అలవాటైన చోడి (రాగి) అంబలి, మెత్తని పెసరపప్పు, పెరుగు, ఉడికించిన గుడ్డు అప్పుడు నిజంగా ఆదుకుంటాయి. పస్తులుంటే గడ్డ మాడిపోతుందన్న నమ్మకంతో తిండి మానేస్తే ముందు క్షీణించేది రోగి కండ. బరువు బాగా తగ్గినవారికి చికిత్సను తట్టుకోవడం కష్టమై, మధ్యలోనే ఆపవలసి రావచ్చు.