జీతం, రాజీనామా, 1872: ఇంజనీర్ల కోసం సాగే పోటీకి ఒక పూర్వచరిత్ర

వ్యాససంగ్రహం:
విద్యుత్ కార్ల తయారీ సంస్థలకూ సాంకేతిక సంస్థలకూ మధ్య ఇంజనీర్ల కోసం జరుగుతున్న పోటీని సాధారణంగా జీతాల పోటీగా వర్ణిస్తారు. ఉద్యోగికి ఒక యజమానిని విడిచి మరొక యజమాని దగ్గరకు పోయే హక్కు ఉన్నప్పుడే ఆ పోటీకి అర్థం ఉంటుంది. ఆ హక్కుకు కాలిఫోర్నియాలోనూ భారతదేశంలోనూ ఆధారమైన న్యాయసూత్రం ఒకే ముసాయిదా నుండి పుట్టి, ఒకే సంవత్సరంలో, 1872లో, చట్టరూపం పొందింది. ఆ సూత్రం చరిత్రను గోదావరి తీరంలోని బూర్గంపాడు ప్రాంతంలో వాడుకలో ఉన్న భాగేలా, వెట్టి, జీతం అనే మాటల చరిత్రతో కలిపి పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: జీతం, వెట్టి, భాగేలా, రాజీనామా, భారత ఒప్పందాల చట్టం, విద్యుత్ కార్లు, బూర్గంపాడు.

1. ఉపోద్ఘాతం

నిరుడు వేసవిలో మా కళాశాల పూర్వవిద్యార్థి ఒకడు తన తమ్ముణ్ణి వెంటబెట్టుకొని వచ్చాడు. వాళ్ళది బూర్గంపాడు మండలం. తమ్ముడు ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ పూర్తి చేశాడు. బ్యాటరీ వాహనాలకు విడిభాగాలు తయారుచేసే ఒక కంపెనీలో హైదరాబాదులో ఉద్యోగం వచ్చింది. చేతిలో నియామకపత్రంతో పాటు ఒక బాండు ఉంది. రెండేళ్ళలోపు మానేస్తే లక్షన్నర కట్టాలి. అప్పటిదాకా ఒరిజినల్ సర్టిఫికెట్లు కంపెనీ దగ్గరే ఉంటాయి. ఇంగ్లీషులో ఉన్న ఆ కాగితానికి అర్థం చెప్పించుకోవడానికి వాళ్ళు వచ్చారు. చదివి చెప్పాక ఆ అబ్బాయి నవ్వుతూ, “మా నాయనమ్మ ముందే అన్నది సార్, ఇది జీతం ఉండుడే గదా అని” అన్నాడు.

తెలుగు పాఠం చెప్పేవాడికి ఆ మాట అక్కడితో వదిలిపెట్టదగినది కాదు. పట్టణవాసులకు జీతం అంటే నెలాఖరున బ్యాంకులో పడే సొమ్ము. తెలంగాణ పల్లెలో ‘జీతం ఉండడం’ అంటే ఒక ఆసామి ఇంట సంవత్సరానికి కుదిరి, చాలాసార్లు ముందుగా తీసుకున్న అప్పుకు లోబడి, పని చేయడం. అలా ఉన్నవాడు జీతగాడు. జీవితము అనే సంస్కృతపదానికి వికృతి జీతము అని నిఘంటువులు చెబుతాయి. బ్రతుకును, బ్రతుకుతెరువుకు దొరికే కూలిని ఒకే పదం మోయడం గమనించదగినది. ఆ అవ్వ మాట నిజమా, అతిశయోక్తా అన్న ప్రశ్నకు జవాబు వెతకబోతే దారి కాలిఫోర్నియా దాకా పోయింది.

2. ఒకే ఇంజనీరు కోసం ఇద్దరు

పెట్రోలు కారుకు గుండె ఇంజను. విద్యుత్ కారులో మోటారు పోల్చి చూస్తే సరళమైన యంత్రం. కష్టమంతా బ్యాటరీలో ప్రతి సెల్ వోల్టేజీని, వేడిని కనిపెట్టే ఎలక్ట్రానిక్స్‌లోనూ, బ్యాటరీ కరెంటును మోటారుకు అనువుగా మార్చే ఇన్వర్టర్‌లోనూ, వీటన్నిటినీ నడిపే సాఫ్ట్‌వేర్‌లోనూ ఉంది. సెల్‌ఫోన్ తయారుచేసే సంస్థకు కావలసిన విద్యలు కూడా దాదాపు ఇవే. కాబట్టి కార్ల కంపెనీకి పోటీదారు మరొక కార్ల కంపెనీయే కానవసరం లేకపోయింది.

ఆపిల్, టెస్లా సంస్థల మధ్య జరిగింది ఇదే. డగ్ ఫీల్డ్ అనే ఇంజనీరు 2013లో ఆపిల్ నుండి టెస్లాకు, 2018లో తిరిగి ఆపిల్‌కు, 2021లో ఫోర్డ్‌కు మారాడు. టెస్లాలో నెగ్గనివాళ్ళే ఆపిల్‌కు చేరుతారన్న అర్థంలో ఎలాన్ మస్క్ 2015లో ఒక జర్మన్ పత్రికతో ఎకసెక్కంగా మాట్లాడాడు. ఆపిల్ తన కారు ప్రయత్నాన్ని 2024 ఫిబ్రవరిలో మానుకుంది.

మన చర్చకు ఇంతకన్నా ముఖ్యమైనది 2015 నాటి మరొక వ్యాజ్యం. మసాచుసెట్స్ రాష్ట్రంలో బ్యాటరీలు తయారుచేసే ఎ123 సిస్టమ్స్ అనే సంస్థ, తన బ్యాటరీ ఇంజనీర్లను ఆపిల్ ఎత్తుకుపోతున్నదని కోర్టుకెక్కింది. పోటీసంస్థలో చేరబోమని ఉద్యోగులు రాసిచ్చిన ఒప్పందాన్ని అది ఆధారంగా చూపింది. ఆ రాష్ట్రంలో అలాంటి ఒప్పందానికి విలువ ఉంది. ఆపిల్, అప్పటి టెస్లా కేంద్రాలు ఉన్న కాలిఫోర్నియాలో లేదు. వ్యాజ్యం రాజీతో ముగిసింది గానీ, ఇంజనీరు కదలిక అతని ప్రతిభ మీద ఎంత ఆధారపడుతుందో అతడు నిలబడ్డ నేల చట్టం మీదా అంతే ఆధారపడుతుందని అది చూపించింది. సిలికాన్ లోయ ఎదగడానికీ, బోస్టన్ చుట్టుపక్కల పరిశ్రమ వెనకబడడానికీ ఈ తేడా ఒక కారణమని రొనాల్డ్ గిల్సన్ అనే న్యాయపండితుడు 1999లోనే వాదించాడు.

ఈ పోటీకి మన రూపం హైదరాబాదులో కనిపిస్తుంది. అక్కడ మైక్రోసాఫ్ట్ అభివృద్ధి కేంద్రం 1998లో, ఆపిల్ కేంద్రం 2016లో మొదలయ్యాయి. వాహనరంగం నుండి హ్యుందాయ్ ఇంజనీరింగ్ కేంద్రమూ, జర్మనీకి చెందిన జెడ్.ఎఫ్. సాంకేతిక కేంద్రమూ అదే నగరంలో వెలిశాయి. అమెరికా విద్యుత్ కార్ల సంస్థ ఫిస్కర్ 2022లో ‘ఫిస్కర్ విజ్ఞాన్’ పేరుతో వచ్చింది. 2024 జూన్‌లో మాతృసంస్థ దివాలా పిటిషన్ వేసింది. మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో 2023 మే 6న ఐటీ టవర్‌కు ప్రారంభోత్సవం, అమరరాజా బ్యాటరీ కర్మాగారానికి శంకుస్థాపన ఒకేనాడు జరిగాయి. ఇద్దరు యజమానులు పక్కపక్కనే కొలువుతీరిన దృశ్యం అది.

3. 1872

కాలిఫోర్నియా చట్టంలోని ఆ సూత్రం ఎక్కడిది? న్యూయార్క్ న్యాయవాది డేవిడ్ డడ్లీ ఫీల్డ్ తన రాష్ట్రం కోసం 1865 నాటికి ఒక పౌరస్మృతి ముసాయిదా సిద్ధం చేశాడు. (పై ఇంజనీరు ఇంటిపేరూ ఫీల్డే కావడం కేవలం యాదృచ్ఛికం.) న్యూయార్క్ దానిని ఆమోదించలేదు. దూరాన ఉన్న కాలిఫోర్నియా 1872లో స్వీకరించింది. ఎవరినైనా చట్టసమ్మతమైన వృత్తివ్యాపారాల నుండి నిరోధించే ఒప్పందం ఆ మేరకు చెల్లదన్నది అందులో ఒక అంశం.

ఆ సంవత్సరమే బ్రిటిష్ ఇండియాలో ఒప్పందాల చట్టం వచ్చింది. సెప్టెంబరు 1 నుండి అమలైన ఆ చట్టంలోని 27వ సెక్షన్ కూడా ఫీల్డ్ ముసాయిదా నుండి తీసుకున్నదే. ఇంగ్లండు న్యాయస్థానాలు ‘సహేతుకమైన’ నిరోధాన్ని అనుమతించేవి. భారతీయ సెక్షన్ ఆ వెసులుబాటు కూడా ఇవ్వలేదు. పాలకదేశంలో లేని స్వేచ్ఛ పాలిత దేశపు పుస్తకంలోకి ఎక్కింది.

ఆ సెక్షన్‌పై తొలి ప్రసిద్ధ తీర్పు 1874లో కలకత్తాలో వెలువడింది. ఇద్దరు కంచర దుకాణదారుల మధ్య తగాదా అది. పోటీ పడలేక ఒకడు రెండవవాణ్ణి దుకాణం మూసుకొమ్మన్నాడు. అందుకు ప్రతిగా, అతడు పనివాళ్ళకు అప్పటికే ఇచ్చిన అడ్వాన్సు 900 రూపాయలు తాను చెల్లిస్తానన్నాడు. దుకాణం మూతపడింది, సొమ్ము రాలేదు. ఒప్పందమే చెల్లదు గనుక దావా నిలవదని ప్రధాన న్యాయమూర్తి కౌచ్ తీర్పు చెప్పాడు. తీర్పు చదివేవారంతా దుకాణదారుల స్వేచ్ఛ గురించి రాస్తారు. నా చూపు ఆ 900 దగ్గర ఆగిపోయింది. అడ్వాన్సు తీసుకున్న పనివాళ్ళ స్వేచ్ఛ మాటేమిటి?

వాళ్ళకు వేరొక చట్టం ఉంది: 1859 నాటి పదమూడవ చట్టం. అడ్వాన్సు తీసుకొని పని మానేసిన పనివాణ్ణి యజమాని మెజిస్ట్రేటు ముందుకు ఈడ్వవచ్చు. సొమ్ము తిరిగి కట్టమనో, పని పూర్తి చేయమనో ఆజ్ఞ వస్తుంది. ధిక్కరిస్తే మూడు నెలల దాకా జైలు. 1925లో దీనిని రద్దు చేస్తూ చట్టం వచ్చేవరకూ ఈ రెండూ పక్కపక్కనే బ్రతికాయి. వృత్తి, వర్తకం, వ్యాపారం అన్నవి 27వ సెక్షన్‌లోని మాటలు. కూలి ఆ మాటల్లోకి వస్తాడని ఎవరూ అనుకోలేదు.

4. గోదావరికి ఈవల

1860కి ముందు గోదావరి రెండు ఒడ్లూ నిజాం రాజ్యంలోవే. ఆ ఏడు ఎడమ ఒడ్డున ఉన్న భద్రాచలం ప్రాంతం బ్రిటిష్ వారి వశమైంది. 1874లో సెంట్రల్ ప్రావిన్సెస్ నుండి మద్రాసు రాష్ట్రపు గోదావరి జిల్లాకు, 1959లో ఖమ్మం జిల్లాకు చేరింది. కుడి ఒడ్డున బూర్గంపాడు 1948 వరకూ నిజాం పాలనలోనే, పాల్వంచ సంస్థానపు ఛాయలోనే ఉంది. ఒప్పందాల చట్టం నది అవతల కాగితం మీద వర్తించేది. ఇవతలకు అది 1951లో, హైదరాబాదు వంటి ‘బి’ తరగతి రాష్ట్రాలకు కేంద్రచట్టాలను విస్తరించినప్పుడు గానీ రాలేదు. భద్రాచలం వంతెన కట్టింది 1965లో. దానికి ముందు మనిషి పడవ ఎక్కితే చట్టం మారిపోయేది.

ఇవతలి ఒడ్డున పని సంబంధాలకు పేర్లు పెట్టింది చట్టం కాదు, భాష. విష్టి నుండి వచ్చిన వెట్టి, కూలి లేని నిర్బంధపు పని. భాగేలా, అప్పుకు బదులుగా చేసే చాకిరీ. అప్పు తీరదు కనుక చాకిరీ తీరదు. తండ్రి బాకీ కొడుకుకు వస్తుంది. ఇలాంటి ఒప్పందాలను అదుపులో పెట్టడానికి నిజాం ప్రభుత్వం 1936లో నిబంధనలు తెచ్చిందంటే వాటి విస్తృతిని ఊహించవచ్చు. 1940లలో ఈ అడవుల్లో తిరిగిన మానవశాస్త్రవేత్త క్రిస్టోఫ్ ఫన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్, పాల్వంచ సంస్థానపు కొండరెడ్లను కలప వ్యాపారులు అప్పులతో కట్టిపడేసి వెదురు, కలప నరికించుకునే తీరును 1945 నాటి తన గ్రంథంలో నమోదు చేశాడు. ఒక వ్యాపారిని విడిచి ఎక్కువ కూలి ఇచ్చే మరో వ్యాపారి దగ్గరకు పోవడమన్నది ఆ వెదురు నరికేవాడికి అందుబాటులో ఉన్న విషయం కాదు. అతడు అడవిలో దారి తెలిసినవాడు, నదిలో తెప్ప నడపగలవాడు. నేటి భాషలో చెప్పాలంటే నైపుణ్యం ఉన్నవాడే. నైపుణ్యం ఒక్కటే మనిషికి బేరమాడే బలం ఇవ్వదు.

తర్వాత ఆ వెదురు కోసమే బూర్గంపాడు మండలం సారపాకకు కాగితం మిల్లు వచ్చింది. 1979లో భద్రాచలం పేపర్‌బోర్డ్స్‌గా ఉత్పత్తి మొదలుపెట్టి, 2002లో ఐటీసీలో విలీనమైంది. కొత్తగూడెంలో సింగరేణి, పాల్వంచలో విద్యుత్ కేంద్రం, అశ్వాపురంలో భారజల కర్మాగారం చుట్టూ ఉన్నాయి. దూరప్రాంతాల ఇంజనీర్లను రప్పించి నిలుపుకోవడానికి ఈ సంస్థలు బాండ్లకన్నా క్వార్టర్సు, బడి, ఆసుపత్రి మీద ఎక్కువ ఆధారపడ్డాయని నా అభిప్రాయం. టౌన్‌షిప్ అంటే అదే.

1976లో వెట్టిచాకిరీ రద్దు చట్టం వచ్చింది. దాని రెండవ సెక్షన్ దేశంలోని నిర్బంధ శ్రమ పద్ధతులను పేరుపేరునా లెక్కించింది. ఆ ఇంగ్లీషు జాబితాలో భాగేలా ఉంది, పాలేరు ఉంది, వెట్టి ఉంది, ‘జీత’ కూడా ఉంది. మన పదాలు పార్లమెంటు చట్టంలోకి ఎక్కిన సందర్భాలు అరుదు. ఎక్కిన ఈ సందర్భం గర్వపడదగినది కాదు.

5. భారతీయ న్యాయస్థానంలో ఇంజనీరు

స్వాతంత్ర్యానంతరం 27వ సెక్షన్‌ను పరీక్షించిన ముఖ్యమైన కేసు, ఆశ్చర్యకరంగా, టైర్లకు సంబంధించినదే. కల్యాణ్‌లో టైరు దారం తయారుచేసే సెంచరీ సంస్థ విదేశీ పరిజ్ఞానం కొనుక్కొని, 1963లో గోలికరి అనే షిఫ్ట్ సూపర్‌వైజరును ఐదేళ్ళ ఒప్పందం మీద నియమించి శిక్షణ ఇచ్చింది. మరుసటి ఏడే అతడు ఎక్కువ జీతానికి కోటాలోని పోటీ కర్మాగారంలో చేరాడు. ఒప్పందపు గడువు తీరేదాకా అలాంటి పని మరొకచోట చేయరాదన్న నిషేధాన్ని 1967లో సుప్రీంకోర్టు సమర్థించింది. ఉద్యోగం ముగిశాక విధించే నిరోధం చెల్లదు, ఉద్యోగకాలంలోని నిరోధం చెల్లుతుంది అన్న విభజన అప్పుడు స్థిరపడింది.

2025 మే 14న విజయా బ్యాంకు కేసులో, మూడేళ్ళలోపు మానేస్తే రెండు లక్షలు కట్టాలన్న బాండును కూడా కోర్టు 27వ సెక్షన్‌కు విరుద్ధం కాదన్నది. ప్రభుత్వరంగ బ్యాంకు ఒక్కొక్క ఖాళీని భర్తీ చేయడానికి బహిరంగ ప్రక్రియ నడపాలి, దానికి ఖర్చవుతుంది అన్నది ప్రధానమైన హేతువు. ఈ హేతువు ప్రైవేటు కంపెనీకి ఎంతవరకు వర్తిస్తుందన్నది చర్చించవలసిన విషయం.

అయితే కాలిఫోర్నియాను స్వర్గంగా చూపడం పొరపాటు. ఉద్యోగిని కాగితంతో కట్టివేయలేని చోట యజమానులు తమలో తామే ఒప్పందం చేసుకున్నారు. ఆపిల్, గూగుల్, ఇంటెల్ తదితర సంస్థలు ఒకరి ఉద్యోగులను మరొకరు పిలవరాదని రహస్యంగా కూడబలుక్కున్నాయని 2010లో అమెరికా న్యాయశాఖ ఆక్షేపించింది. దాదాపు 64,000 మంది ఉద్యోగుల తరఫున నడిచిన దావా 2015లో 41.5 కోట్ల డాలర్ల పరిహారంతో ముగిసింది. ఇంజనీర్ల కోసం పోటీ అంటాం గానీ, పోటీ లేకుండా చేసుకోవడమే యజమానికి ఎప్పుడూ ఇష్టం.

6. రాజీనామా

ఫారసీలో రాజీనామా అంటే సమ్మతిపత్రం. మద్రాసు రైత్వారీ దస్త్రాల్లో అది రైతు తన భూమిని వదులుకుంటూ రాసిచ్చే కాగితం. నేటి తెలుగులో ఉద్యోగం వదులుకుంటూ ఇచ్చే కాగితం. మూడు అర్థాల్లోనూ ఒక పోలిక ఉంది: వదిలే మనిషికి సంతకం చేసే స్థాయి ఉండాలి. జీతగాడికి రాజీనామా లేదు. అతడు పోతే ‘పారిపోయాడు’ అనేవారు.

అందుకే అవ్వ మాటను నేను యథాతథంగా అంగీకరించలేను. ఆమె మనుమడి బాకీకి అంకె ఉంది, గడువు ఉంది, అది అతని కొడుకుకు సంక్రమించదు. భాగేలాను బాండును ఒకే గాట కట్టడం భాగేలాలో చనిపోయినవారికి అన్యాయం. కాని ఆమె పోలిక పూర్తిగా తప్పు కూడా కాదు. ఇద్దరు యజమానులు కోరుకునే ఇంజనీరుకు 27వ సెక్షన్ ఆస్తి. కొత్త కంపెనీయే అతని బాండు సొమ్ము కట్టి తీసుకుపోతుంది. ఒకే ఒక్క నియామకపత్రం ఉన్నవాడికి ఆ సెక్షన్ పుస్తకంలో ఉంటుంది, సర్టిఫికెట్లు బీరువాలో ఉంటాయి. ఆ రెండవ షరతే నన్ను ఎక్కువ కలవరపెట్టింది. లక్షన్నర అప్పు చేసైనా కట్టవచ్చు. సర్టిఫికెట్లు లేనివాణ్ణి ఏ పోటీదారూ తీసుకోడు.

సర్టిఫికెట్ల షరతు గురించి ఒక న్యాయవాది మిత్రుడితో వాళ్ళ చేత మాట్లాడించాను. ఆ అబ్బాయి బాండు మీద సంతకం పెట్టాడు. ఒరిజినల్స్ మాత్రం చూపించి వెనక్కి తీసుకుంటాననీ, జిరాక్సులు ఇస్తాననీ కంపెనీకి రాశాడు. వారం తర్వాత ఒప్పుకున్నట్టు జవాబు వచ్చింది. సర్టిఫికెట్లు ఇప్పుడు బూర్గంపాడులో, నాయనమ్మ ట్రంకుపెట్టెలో ఉన్నాయి.