ఘర్షణతో నడిచే మోటారు: పీడన విద్యుత్ జడత్వ మోటార్ల చరిత్ర

పరిచయం

యంత్రాలకు ఘర్షణ శత్రువని మీరు పాఠశాల స్థాయి నుంచి చదువుతూ వచ్చారు. బేరింగులు, కందెనలు వాడేది దానిని తగ్గించడానికే. అయితే 1980వ దశకంలో రూపొందిన ఒక మోటారు ఘర్షణ లేకపోతే అసలు కదలదు. అదే పీడన విద్యుత్ జడత్వ మోటారు. అది ఏ అవసరం నుంచి పుట్టిందో, ఘర్షణను ఎలా వాడుకుంటుందో ఈ భాగంలో తెలుసుకుంటారు.

స్ఫటికం నుంచి సిరామిక్ వరకు

క్వార్ట్జ్, టూర్మలీన్ వంటి స్ఫటికాలను నొక్కితే వాటి తలాలపై విద్యుదావేశం ఏర్పడుతుందని 1880లో ఫ్రాన్సుకు చెందిన జాక్ క్యూరీ, పియరీ క్యూరీ సోదరులు కనుగొన్నారు. దీనికి విలోమ ప్రభావం కూడా ఉండాలని, అంటే వోల్టేజి ఇస్తే స్ఫటికం ఆకారం మారాలని 1881లో గాబ్రియెల్ లిప్‌మన్ ఉష్ణగతిక శాస్త్రం ఆధారంగా సూచించారు. క్యూరీ సోదరులు అదే ఏడాది దానిని ప్రయోగంతో నిరూపించారు. మన మోటారుకు మూలం ఈ విలోమ ప్రభావమే.

కానీ ఆ మార్పు అత్యల్పం. క్వార్ట్జ్ పలకకు 1000 వోల్టులు ఇచ్చినా దాని మందంలో వచ్చే తేడా 2 నానోమీటర్లకు కాస్త ఎక్కువ. 1950వ దశకంలో వచ్చిన లెడ్ జిర్కోనేట్ టైటనేట్ సిరామిక్ దీనికి వంద రెట్లకు పైగా స్పందిస్తుంది. అయినా 10 మిల్లీమీటర్ల పొడవున పేర్చిన సిరామిక్ పలకలు సాగేది సుమారు 10 మైక్రోమీటర్లే. ఇంత చిన్న సాగుదలతో మిల్లీమీటర్ల దూరం వెళ్లడం ఎలా?

జూరిక్‌లో ఎదురైన సమస్య

స్విట్జర్లాండులోని ఐబీఎం జూరిక్ పరిశోధనశాలలో గెర్డ్ బిన్నిగ్, హైన్రిక్ రోరర్ 1981లో స్కానింగ్ టన్నెలింగ్ మైక్రోస్కోపును రూపొందించారు. అందులో లోహపు సూదిమొన, నమూనాకు 1 నానోమీటరు లోపు దూరంలో నిలవాలి. నమూనాను మిల్లీమీటర్ల దూరం నుంచి అక్కడికి తేవాలి. మొన తగిలితే పాడవుతుంది.

ఇందుకు వారు మొదట వాడిన మూడు కాళ్ల సాధనానికి 'పేను' అని పేరు పెట్టారు. కాళ్లను స్థిర విద్యుదాకర్షణతో వంతులవారీగా పట్టి ఉంచుతూ, పైనున్న పీడన విద్యుత్ పలకను సాగదీసి, ముడిచి దానిని నడిపేవారు. కాళ్లకూ పలకకూ వేర్వేరు వోల్టేజీలను వరుస తప్పకుండా అందించాలి.

అదే పరిశోధనశాలకు చెందిన డీటర్ పోల్ 1987లో ప్రచురించిన పద్ధతి ఇంతకంటే సులువైనది. పట్టుకునే పనిని ఘర్షణకు, విడిపించే పనిని జడత్వానికి అప్పగించారు.

బలాల లెక్క

బల్లపై కాగితం పరిచి, దానిపై స్టీలు గ్లాసు పెట్టండి. కాగితాన్ని నెమ్మదిగా లాగితే గ్లాసు వెంట వస్తుంది. ఒక్క ఉదుటున లాగితే దాదాపు ఉన్నచోటే ఉండిపోతుంది.

గ్లాసును వెంట తీసుకుపోవడానికి కావలసిన బలం = ద్రవ్యరాశి × త్వరణం
స్థైతిక ఘర్షణ ఇవ్వగల గరిష్ఠ బలం = ఘర్షణ గుణకం × అభిలంబ బలం

మొదటిది రెండవదానిని మించితే గ్లాసు జారుతుంది. సమతలంపై ఘర్షణ గుణకం 0.2 అయితే హద్దు త్వరణం సుమారు 2 మీటర్లు/సెకను².

మోటారులో కాగితం స్థానంలో సిరామిక్, గ్లాసు స్థానంలో లోహపు దిమ్మ ఉంటాయి. వోల్టేజిని నెమ్మదిగా పెంచి, ఒక్కసారిగా దించుతారు. సిరామిక్ సాగేటప్పుడు దిమ్మ దానితో వెళుతుంది. సిరామిక్ చటుక్కున ముడుచుకున్నప్పుడు దిమ్మ వెనక్కి రాలేదు. గతిక ఘర్షణ కొద్దిగా వెనక్కి లాగుతుంది కాబట్టి, అడుగు సిరామిక్ సాగిన పొడవు కంటే కాస్త తక్కువే. అడుగు 100 నానోమీటర్లయితే, సెకనుకు 1000 అడుగులతో వేగం సెకనుకు 0.1 మిల్లీమీటరు. వోల్టేజిని త్వరగా పెంచి నెమ్మదిగా దించితే దిమ్మ వెనక్కి నడుస్తుంది.

ఘర్షణ హద్దుకు మించిన భారాన్ని ఈ మోటారు తోయలేదు. అభిలంబ బలం పెంచితే తోపు పెరుగుతుంది, కానీ జారడానికి మరింత పెద్ద కుదుపు కావాలి. తలాలు అరిగితే అడుగు పొడవు మారుతుంది. మరోవైపు, విద్యుత్తు ఆపినా స్థైతిక ఘర్షణ దిమ్మను ఉన్నచోటే పట్టి ఉంచుతుంది. 2003లో వచ్చిన మినోల్టా డిమాజ్ ఏ1 కెమెరాలో చేతి వణుకును సరిదిద్దడానికి ఈ సూత్రమే వాడారు.

సారాంశం

ఇక్కడ ముందడుగు కొత్త పదార్థం వల్ల రాలేదు. ఉన్న సిరామిక్‌నే ఒక వైపు నెమ్మదిగా, రెండో వైపు వేగంగా కదిలించడం వల్ల వచ్చింది.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. వోల్టేజిని పెంచడం, దించడం రెండూ నెమ్మదిగానే చేస్తే దిమ్మ ఏమవుతుంది?
2. సమతలంపై దిమ్మ ద్రవ్యరాశిని రెట్టింపు చేస్తే హద్దు త్వరణం మారుతుందా? కారణం రాయండి.