పదాంధత్వము - విశ్వవిద్యాలయ ధర్మము

చదువు రానివానికి బుద్ధి లేదనుట మన బడులలో మిక్కిలి పాతమాట. ఆ మాట తప్పని వైద్యులు సుమారు నూటముప్పది యేండ్ల క్రిందటనే కనుగొనిరి. ఉపాధ్యాయులమగు మనము మాత్రము దానిని నేటికిని పూర్తిగా విడువలేదు. ఈ భ్రమ యెట్లు బయటపడెనో, విశ్వవిద్యాలయములు దానితో నెట్లు పోరాడవలసి వచ్చెనో చదువరులకు తెలుపుట నా యుద్దేశము.

1877వ సంవత్సరమున జర్మనీదేశపు వైద్యుడగు కుస్‌మౌల్ పదాంధత్వ మను మాటను వాడెను. చూపు చెడక, మాట పడిపోక, మెదడునకు దెబ్బ తగిలినందున అచ్చుపుస్తకమును చదువలేనివారి స్థితి యది. 1887లో స్టట్‌గార్టు నగరపు నేత్రవైద్యుడు బెర్లిన్ దానికి డిస్లెక్సియా యని పేరు పెట్టెను. వీరు చూచినది ఉన్న శక్తిని కోల్పోయిన పెద్దలను. పుట్టుకతోనే అట్టి యిబ్బంది గల బాలుని గూర్చి 1896 నవంబరులో ప్రింగిల్ మార్గన్ అను ఆంగ్లేయ వైద్యుడు బ్రిటిష్ మెడికల్ జర్నలునందు వ్రాసెను. ఆ బాలుని పేరు పర్సీ. వయస్సు 14 ఏండ్లు. తెలివిగలవాడు, ఆటలయందు తీసిపోనివాడు. అంకెలను తడబడక చదివెడివాడు. అక్షరములయొద్దకు వచ్చునప్పటికి తన పేరునే 'ప్రెసీ' యని తాఱుమాఱుగా వ్రాసెను. చదువంతయు నోటిమాటగానే జరిగినచో బడిలో వీనిని మించినవా డుండడని వాని గురువు చెప్పినట్లు మార్గన్ వ్రాసియున్నాడు.

ఈ మాటను పాఠకులు గమనింతురు గాక. విద్యార్థిలో లోప మెంత, బోధనాపద్ధతిలో లోప మెంత యను ప్రశ్న అందులోనే యున్నది. 'జరిగినచో' అని యన్న పనిని జరిగించుటకు లోకమునకు నూరేండ్లు పట్టెను.

అమెరికాలో 1925 ప్రాంతమున ఆర్టన్ అను వైద్యు డీ విషయమును పరిశోధించెను. ఆయనతో కలిసి పనిచేసిన అన్నా గిల్లింగ్‌హామ్ అక్షరమును చూపుచు, పలికించుచు, వినిపించుచు, చేతితో దిద్దించుచు నేర్పు పద్ధతిని కూర్చెను. మన వీథిబడులలో ఇసుకపై వ్రేలితో దిద్దించుచు బిగ్గరగా పలికించుట యెఱిగినవారి కిది వింతగా తోచదు. ఇట్లు చిన్నబడులకు దారి దొరకెను. ఆ పిల్లలే పెరిగి కళాశాలలకు వచ్చినప్పుడు కొత్త చిక్కు పుట్టెను.

అమెరికాలో 1973, 1990 సంవత్సరముల శాసనములు అంగవైకల్యము గలవారిపట్ల విద్యాసంస్థలు భేదభావము చూపరాదని విధించెను. 1985లో వెర్మాంట్ రాష్ట్రమున లాండ్‌మార్క్ కళాశాల ఇట్టి విద్యార్థులకొఱకే వెలసెను. బోస్టన్ విశ్వవిద్యాలయమునందును వీరికి తోడ్పడు మంచి శాఖ యొకటి యుండెను. అయితే అక్కడి యున్నతాధికారి వెస్ట్‌లింగ్ 1995లో తన యుపన్యాసములో సమంత యను విద్యార్థినిని వర్ణించెను. ఆమెకు పరీక్షలో అధికకాలము కావలెనట, ముందుబల్ల కావలెనట, తరగతిలో నిద్రపోయినచో ఆ పాఠ మెవరైన మరల చెప్పవలెనట! వినినవారు నవ్వియుందురు. అటుపిమ్మట విశ్వవిద్యాలయము నిబంధనలను బిగించెను. మూడేండ్లకు మించిన పరీక్షాపత్రములు చెల్లవనెను. పరభాషకు బదులు వేఱొక విషయము చదువుట కూడదనెను. విద్యార్థులు న్యాయస్థానమున కెక్కిరి. అక్కడ తేలిన దేమనగా, సమంత యను విద్యార్థిని లేనేలేదు. ఆమె వెస్ట్‌లింగ్ కల్పన.

1997 ఆగస్టులో వెలువడిన తీర్పు మనము శ్రద్ధగా చదువదగినది. మాటిమాటికి పరీక్షింపించుకొని రమ్మను నిబంధన అన్యాయమని న్యాయాధిపతి తేల్చి, కొందఱు విద్యార్థులకు సుమారు 30 వేల డాలర్ల పరిహార మిప్పించెను. పరభాష విషయమున మాత్రము, కల్పితకథ నాధారము చేసికొనక అధ్యాపకులు కూడి విచారింపవలెనని యాజ్ఞాపించెను. అధ్యాపకులు విచారించి, పరభాష తమ పట్టమునకు మూలాంగమనిరి. 1998లో న్యాయస్థాన మందుల కంగీకరించెను. చూచితిరా! విద్య స్థాయిని తగ్గింపుమని ఎవ్వరును చెప్పలేదు. ఏది విద్యకు ప్రాణము, ఏది కేవలము అలవాటు అని విచారింపుమనిరి. అంతే.

మనదేశమున 1995 నాటి శాసనములో ఈ యిబ్బందుల పేరే లేదు. 2016 నాటి శాసనము వైకల్యములను 21గా విస్తరించి, అభ్యసన వైకల్యమును, ఆటిజమును అందు చేర్చెను. ప్రభుత్వ ఉన్నతవిద్యాసంస్థలలో నూటికి 5 స్థానములకు తక్కువ గాకుండ వైకల్యము గలవారికి కేటాయించెను. 2021 నవంబరులో, వ్రాతయం దిబ్బంది గల యొక విద్యార్థినికి వైద్యప్రవేశపరీక్షలో న్యాయముగా రావలసిన యొక గంట అధికకాలము దక్కలేదని తెలిసి, ఆ తప్పును సవరించు బాధ్యతనుండి పరీక్షాధికారులు తప్పించుకొనజాలరని సుప్రీంకోర్టు చెప్పెను. శాసనము చేయవలసినది చాలవఱకు చేసినది. మిగిలినది తరగతిగదిలోని పని.

ఆ పని గొప్ప ధనవ్యయముతో కూడినది కాదు. పాఠసంగ్రహమును ముందుగా నిచ్చుట. నల్లబల్లపై వ్రాసినదానిని పైకి చదువుట. పెద్ద పనిని చిన్న భాగములు చేసి ఒక్కొక్కదానికి గడువు వ్రాతమూలముగా తెలుపుట. చరిత్రపరీక్షలో వర్ణదోషములకు మార్కులు కోయకుండుట. వ్రాయలేనివానిని నోటితో చెప్పనిచ్చుట. వీనివలన తక్కినవారికి నష్టము లేదు, లాభమే. పంచతంత్రమునందు విష్ణుశర్మ రాజపుత్రులను మందబుద్ధులని త్రోసివేయలేదు. శాస్త్రమును కథగా మార్చెను. నీతిని మాత్రము తగ్గింపలేదు.

ఒక మాట చెప్పి ముగింతును. పదునైదేండ్ల క్రిందట నా తరగతిలో నొక బాలు డుండెను. పలనాటి యుద్ధమును క్రమము తప్పక గంటసేపు చెప్పగలడు. నాలుగు పంక్తులు తప్పులేకుండ వ్రాయలేడు. సోమరియని తలచి వాని పుస్తకము నిండ ఎఱ్ఱసిరా పోసితిని. వాడు కళాశాలలో చేరి రెండవయేటనే మానివేసెను. పర్సీకథను నే నటుపిమ్మట చదివితిని. వాని గురువునకు తెలిసినపాటి నాకు తెలియకపోయెను. సమంత కల్పన, ఈ బాలుడు నిజము. అట్టివారు నేడును మన బల్లలమీద కూర్చుండి యున్నారు. వారి నడుగక, వారు చెప్పునది వినక, వారి తెలివిని సిరాతో కొలుచుట ఇకనైన మానుదుము గాక.