సక్కారా భూగర్భ సమాధులు: పవిత్ర జంతువులు చెప్పే చరిత్ర

ఈ భాగం చదివిన తరువాత మీరు:
• సక్కారాలోని జంతు సమాధుల స్వరూపాన్ని వర్ణించగలుగుతారు.
• పురావస్తు సాక్ష్యంతో గ్రంథస్థ కథనాన్ని ఎలా పరీక్షించాలో వివరించగలుగుతారు.

పరిచయం

కైరోకు దక్షిణాన సుమారు 30 కిలోమీటర్ల దూరంలో, ఎడారి అంచున సక్కారా ఉంది. ప్రాచీన రాజధాని మెంఫిస్‌కు ఇది శ్మశానభూమి. ఇక్కడ నేల కింద ఎద్దులకు, పక్షులకు, కుక్కలకు తొలిచిన సొరంగాలున్నాయి. వీటిని మూఢనమ్మకంగా కొట్టివేయడం సులభం. అయితే చరిత్ర విద్యార్థులుగా మీరు వేసుకోవలసిన ప్రశ్న వేరు: ఇవి దేనికి సాక్ష్యం?

సెరాపియం

మెంఫిస్ ప్రధాన దైవమైన ప్తాకు ప్రతిరూపంగా ఆపిస్ అనే వృషభాన్ని పూజించేవారు. ఒక కాలంలో ఒకే ఆపిస్ ఉండేది. అది మరణిస్తే మమ్మీగా మార్చి రాజలాంఛనాలతో సమాధి చేసి, నిర్ణీత లక్షణాలున్న మరో కోడెదూడను వెదికేవారు.

ఈ సమాధులను ఫ్రెంచి పరిశోధకుడు ఆగస్ట్ మేరియట్ వెలికితీశాడు. కాప్టిక్ రాతప్రతులు సేకరించడానికి ఈజిప్టు వచ్చిన ఆయన, 1850లో ఇసుకలో నుంచి పైకి కనిపిస్తున్న స్ఫింక్స్ తలను చూశాడు. ఇసుకలో కూరుకుపోయిన స్ఫింక్స్‌ల గురించి గ్రీకు రచయిత స్ట్రాబో రాసినది గుర్తుచేసుకొని తవ్వకం మొదలుపెట్టి, 1851లో సమాధులలోకి ప్రవేశించాడు.

నేడు సందర్శకులు పొడవైన సొరంగమార్గంలో నడుస్తారు. ఇరువైపులా నడవ మట్టం కన్నా లోతుగా తొలిచిన గదులు, వాటిలో భారీ శిలాపేటికలు కనిపిస్తాయి. కొన్ని పేటికల బరువు 60 టన్నులకు పైగా ఉంటుందని అంచనా. చాలా వాటిని పూర్వమే దోచుకున్నారు.

ఫలకాల విలువ

పేటికలకన్నా చరిత్రకారునికి ముఖ్యమైనవి ఇక్కడ దొరికిన శిలాఫలకాలు. వాటిలో కొన్నింటిపై వృషభం పుట్టిన, మరణించిన తేదీలను రాజుల పాలనా సంవత్సరాలలో నమోదు చేశారు. ఒక ఆపిస్ తహర్కా 26వ ఏట పుట్టి, మొదటి ప్సామ్టిక్ 20వ ఏట, 21 ఏళ్ల వయసులో మరణించింది. అంటే మెంఫిస్ లెక్కలో ఈ ఇద్దరి పాలన వెంటవెంటనే సాగింది. ఒక ఎద్దు ఆయుర్దాయం రెండు రాజవంశాల కాలక్రమాన్ని కలిపింది.

హెరోడోటస్ మరో కథ చెప్పాడు. ఈజిప్టును జయించిన పర్షియా రాజు కేంబిసెస్ ఆపిస్‌ను కత్తితో పొడిచాడని, పూజారులు దానిని రహస్యంగా పాతిపెట్టారని రాశాడు. కానీ క్రీ.పూ. 524లో ఒక ఆపిస్‌ను సగౌరవంగా సమాధి చేసినట్లు ఫలకం ఉంది. దాని శిలాపేటికను తానే చేయించినట్లు కేంబిసెస్ పేరిట శాసనమూ ఉంది. ఫలకం, శాసనం కూడా అధికార ప్రకటనలేనని మరువకండి. మరోవైపు, కేంబిసెస్ ఆలయాల ఆదాయాన్ని తగ్గించాడని ఒక డెమోటిక్ పత్రం చెబుతుంది. పూజారుల ఆగ్రహమే ఆ కథకు మూలమై ఉండవచ్చు.

సామాన్యుల మొక్కుబడులు

ఆపిస్ రాజుల వ్యవహారం. సామాన్య భక్తులు చిన్న జంతువుల మమ్మీలను మొక్కుబడిగా సమర్పించేవారు. 1964 నుంచి ఎమెరీ జరిపిన తవ్వకాలలో ఐబిస్ పక్షులు, డేగలు, బబూన్ కోతుల సొరంగాలు బయటపడ్డాయి. అనూబిస్ దేవుని సొరంగాలలో దాదాపు 80 లక్షల జంతువులు ఉండేవని అంచనా. వాటిలో చాలావరకు కుక్కలే. అనేకం పుట్టిన కొద్ది గంటలకో, రోజులకో చనిపోయిన పిల్లలు. కాబట్టి వీటిని ఇందుకోసమే పెంచేవారని భావిస్తున్నారు.

ఇంత పెద్ద వ్యవస్థలో అక్రమాలు లేకపోలేదు. క్రీ.పూ. 2వ శతాబ్దంలో ఐబిస్ ఆరాధనలో పనిచేసిన హోర్, కుండపెంకులపై రాసుకున్న వివరాలలో వీటిని ప్రస్తావించాడు. ఒక కుండలో ఒకే దైవం ఉండాలన్న నియమం అక్కడ కనిపిస్తుంది. ఆధునిక ఎక్స్‌రే పరీక్షల్లో కొన్ని మమ్మీలలో జంతు అవశేషాలే కనబడలేదు. అది మోసమా, లేక చిన్న ఈక, గూటి పుల్ల కూడా పవిత్రమేనన్న విశ్వాసమా అన్నది చర్చనీయాంశం.

సారాంశం

ఈ సొరంగాలు భక్తితో పాటు రాజ్యాధికారం, ఆలయ ఆర్థిక వ్యవస్థ, పరిపాలన గురించి తెలుపుతాయి. ఏ కథనాన్నైనా అంగీకరించే ముందు దానిని ఎవరు, ఎందుకు చెప్పారో విచారించండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. ఆపిస్ ఫలకాలు కాలక్రమ నిర్ణయానికి ఎలా తోడ్పడ్డాయి?
2. కేంబిసెస్‌పై హెరోడోటస్ కథనాన్ని విమర్శనాత్మకంగా చర్చించండి.