పట్టికలు – ప్రశ్నలు



ఈ సాయంకాలము నేను మీతో ముచ్చటింపదలచిన విషయము పేరు వినుటకు క్రొత్తదిగా దోచవచ్చును గాని, మీరెరుగని పని మాత్రము కాదు. లెక్కల పుస్తకములలో నుండి యొక ప్రశ్నకు సరియైన జవాబు రాబట్టుట యెట్లన్నదే యా విషయము.

మా తాతగారు కరణీకము చేసినవారు. వారియొద్ద అడంగలు సర్వే నంబరుల వరుసను, పట్టాదారుల లెక్క పేర్ల వరుసను ఉండెడివి. ఫలానా నంబరు భూమి యెవరిదని యడిగినచో అడంగలు విప్పి క్షణములో జెప్పెడివారు. ఈ యేట శిస్తు కట్టనివారెవ్వరని యడిగినప్పుడు మాత్రము పట్టాదారుల లెక్కను, రసీదుల పుస్తకమును ముందు బెట్టుకొని, ఒక్కొక్క పేరునకు రసీదు కలదో లేదో చూచుచు, లాంతరు వెలుతురున అర్ధరాత్రివరకు గూర్చుండెడివారు. ప్రశ్న చిన్నదే. కాని యా పుస్తకము లా ప్రశ్నకొరకు వ్రాసినవి కావు. అందుచేతనే అంత శ్రమ.

నేడా శ్రమను కంప్యూటరు వహించినది. అయినను అది యొక్కొక్కప్పుడు తప్పుడు జవాబు చెప్పును. అది తప్పని మనకు దోచనంత నిబ్బరముగా జెప్పును. నేను కంటితో జూచిన దొకటి విన్నవింతును. కొంతకాలము నే నొక కార్యాలయమున నీ లెక్కల పనిలో నుంటిని. అర్హులై యుండియు వృద్ధాప్యపు పింఛను ముట్టనివారి జాబితా యొకనాడు కావలసి వచ్చెను. యంత్రము నడిగితిమి. ఒక్క పేరును రాలేదు. "మంచిది, అందరకును ముట్టినదన్నమాట" యని పైయధికారి సంతకమునకు కలము దీసిరి. ఆ సమయముననే వసారాలో నొక ముసలమ్మ కూర్చుండి యున్నది. మూడు నెలలుగా నామెకు పైకము లేదు. ఎవ్వరును లేరని యంత్రము చెప్పుచున్నది. నేనున్నానని యామె చెప్పుచున్నది. ఎవరి మాట నమ్మవలెను? ఈ చిక్కు విడిపోవలెనన్న, యంత్రమునకు ప్రశ్నలడుగు విద్య యెట్లు పుట్టినదో ముందుగా దెలిసికొనవలెను.

అమెరికాలో 1890వ సంవత్సరపు జనాభా లెక్కలకు హెర్మన్ హాలెరిత్ అను నాయన అట్టముక్కలకు చిల్లులు పొడిచి, ఆ చిల్లులను యంత్రముచే లెక్కింపజేసెను. చిల్లుల కార్డులును, తరువాత వచ్చిన అయస్కాంతపు టేపులును మొదటినుండి తుదివరకు వరుసగా జదువవలసినవే. 1956లో ఐ.బి.ఎం. సంస్థవారు కాలిఫోర్నియాలోని శాన్ హోసే పట్టణమున తయారుచేసిన రామక్ అను యంత్రము ఈ కట్టును విప్పినది. అందు 24 అంగుళముల వెడల్పు గల పళ్లెరములు 50 ఉండెను. 50 లక్షల యక్షరములు వానిలో నిమిడెను. కావలసిన చోటికి నేరుగా బోయి చదువుట దానితో సాధ్యమయ్యెను.

చోటికి నేరుగా బోవచ్చును గాని, ఏ చోటికి బోవలెనో చెప్పువారెవరు? 1960 తరువాతి దశకమున చార్లెస్ బాక్మన్ అను పండితుడు జనరల్ ఎలక్ట్రిక్ సంస్థలో నుండి, ఒక లెక్కనుండి మరియొక లెక్కకు దారులు వేసి పెట్టు పద్ధతిని నిర్మించెను. చంద్రునికడకు మనుష్యులను బంపిన అపోలో యత్నమున వేలకొలది పరికరముల జాబితాలను సంబాళించుటకై ఐ.బి.ఎం. వారు ఐ.ఎం.ఎస్. అను మరియొక పద్ధతిని గల్పించిరి. అది చెట్టువంటిది: మానునుండి కొమ్మకు, కొమ్మనుండి రెమ్మకు దిగుచు బోవలెను. 1968 నాటికి అది పనిచేయ నారంభించెను. ఇవి గొప్ప పనులే. అయినను మా తాతగారి కష్టమే వీనికిని గలదు. దారి యున్నవైపు ప్రశ్న సులభము; దారి లేనివైపు ప్రశ్న వచ్చినచో, నిపుణు డొకడు కూర్చుండి, ఎటునుండి యెటు నడువవలెనో అడుగడుగునకు యంత్రమునకు వ్రాసి యీయవలెను. 1973లో ట్యూరింగు బహుమానము నందుకొనుచు బాక్మన్ చేసిన యుపన్యాసమున, కంప్యూటరునకు పని వ్రాయువానిని నావికునితో బోల్చెను. ఆ పోలిక యెంతయు సరియైనదే. నావికుడు లేనిదే నావ కదలదు.

ఈ నావికుని యవసరమే లేకుండ జేయవలెనని తలచినవాడు ఎడ్గార్ కాడ్. ఈయన 1923లో ఇంగ్లాండు దక్షిణతీరమున డార్సెట్ మండలములో జన్మించెను. ఆక్స్‌ఫర్డులో గణితము చదివెను. రెండవ ప్రపంచయుద్ధమున విమానదళమున బనిచేసెను. యుద్ధానంతరము అమెరికాకు బోయి ఐ.బి.ఎం. సంస్థలో జేరెను. సెనేటరు మెకార్తీ నాటి రాజకీయములు రోసి కొన్నియేండ్లు కెనడాకు వలసపోయెను. మరల వచ్చి, నలువది యేండ్లు దాటిన వయస్సున, 1965లో మిచిగాన్ విశ్వవిద్యాలయమున డాక్టరు పట్టము వడసి, ఆ పిమ్మట శాన్ హోసే పరిశోధనాలయమునకు వచ్చెను. 1970 జూన్ నెలలో ఆయన ప్రకటించిన వ్యాస మీ విద్యకు మూలస్తంభము.

ఆయన చెప్పినది సూక్ష్మముగా నిది. సమాచార మంతయు గడులు గీసిన పట్టికలలో నుండవలెను. ఒక్క విషయము ఒక్క చోటనే వ్రాయవలెను. పట్టికకును పట్టికకును సంబంధము దారులచే గాక, వానిలోని విలువలచే దెలియవలెను. పట్టాదారుని సంఖ్య ఈ పట్టికలో 17 అనియు, రసీదుల పట్టికలోను 17 అనియు నున్నచో, ఆ రెంటికి నదియే ముడి. ఇక అడుగువాడు తనకు కావలసిన దేదో చెప్పిన జాలును. అది యెట్లు వెదకవలెనో యంత్రమే నిర్ణయించుకొనవలెను. పాత పద్ధతితో మంచి వ్యాపారము జరుగుచుండుటచే స్వంత సంస్థవారే యీ మాటను వెంటనే తలకెత్తుకొనలేదు. 1974లో మిచిగాన్ రాష్ట్రమున ఆన్ ఆర్బర్ పట్టణములో కాడ్, బాక్మన్ పక్షముల నడుమ బహిరంగముగా వాదము జరిగెను.

వాదముకంటె పనియే తీర్పు చెప్పినది. శాన్ హోసేలో సిస్టం ఆర్ అను ప్రయోగ మారంభమయ్యెను. బర్క్‌లీ విశ్వవిద్యాలయమున మైకేల్ స్టోన్‌బ్రేకర్, యూజీన్ వాంగ్ అనువారు ఇంగ్రెస్ అను మరియొక ప్రయోగమునకు బూనిరి. కాడ్ వ్రాసిన గణితభాష సామాన్యులకు గొరుకుడు పడదని తలచి, డొనాల్డ్ చాంబర్లిన్, రేమండ్ బాయిస్ అను నిద్దరు యువకులు 1974లో ఇంగ్లీషు మాటలవంటి మాటలతో నొక ప్రశ్నల భాషను గల్పించిరి. బాయిస్ ఆ సంవత్సరముననే చిన్నవయసున మరణించెను. తన భాష లోకమంతట వ్యాపించుట చూడలేకపోయెను. దానికి సీక్వెల్ అను పేరు మొదట బెట్టిరి. ఆ పేరు వేరొకరి వ్యాపారచిహ్న మగుటచే ఎస్.క్యూ.ఎల్. అని కుదించిరి. 1979లో ప్యాట్రీషియా సెలింజరును, ఆమె సహచరులును, అనేకమైన దారులలో తక్కువ ఖర్చు గల దారిని యంత్రమే యెన్నుకొను విధమును ప్రకటించిరి. ఆ యేటనే ఒరాకిల్ అను సరుకు బజారునకు వచ్చెను. 1986లో అమెరికాలోను, 1987లో అంతర్జాతీయముగను ఆ భాషకు ప్రమాణ మేర్పడెను. కాడ్‌నకు 1981లో ట్యూరింగు బహుమానము లభించెను. 2003లో ఆయన స్వర్గస్థుడయ్యెను.

నావికుని యవసరము తీరినది. కాని యడుగువాని బాధ్యత తీరలేదు. యంత్రము మన మనస్సులోని ప్రశ్నకు గాక, మనము వ్రాసిన ప్రశ్నకే జవాబు చెప్పును. అందుండి తరచుగా గలుగు పొరపాటులు నాలుగు.

మొదటిది, ముడి మరచుట. ఒక మండలమున పట్టాదారులు 1200 మంది, భూమి తునకలు 3000 అనుకొందము. రెండు పట్టికలను పిలిచి, వాని నడుమ ముడి యేదో చెప్పకున్నచో, యంత్రము ప్రతి మనిషిని ప్రతి తునకతోను జతపరచి 36 లక్షల వరుసలను గ్రుమ్మరించును. 1992 ప్రమాణములో జాయిను అను పదము వెంటనే ముడిని వ్రాయు పద్ధతి వచ్చినది. ఆ పద్ధతి నవలంబించినచో మరపు చాలవరకు దొలగును.

రెండవది, మొత్తము పొంగుట. రామయ్యకు 5 ఎకరములు గలవు. శిస్తు మూడు వాయిదాలలో గట్టుటచే మూడు రసీదులు గలవు. భూమిని రసీదులతో ముడిపెట్టి ఎకరములు కూడినచో 15 వచ్చును. భూమి పెరుగలేదు, వరుసలు పెరిగినవి. కొంద రిచ్చట డిస్టింక్టు అను మాట చేర్చి, ఒకే విలువ రెండుమారులు రాకుండ జేయుదురు. అప్పుడు 5 ఎకరములే గల సోమయ్య భూమియు రామయ్య భూమిలో గలిసిపోవును. సరియైన మందు వేరు: ముందుగా మనిషికొక్కటి చొప్పున రసీదుల మొత్తము కట్టి, ఆ పిదప ముడిపెట్టవలెను.

మూడవది, లేనివారు మాయమగుట. పట్టాదారులను రసీదులతో మామూలుగా ముడిపెట్టినచో, రసీదు గలవారే కనబడుదురు. ఒక్క పైసయు గట్టనివారు జాబితాలోనే యుండరు. మనము వెదకుచున్నది వారినే యైనచో నెంత విపరీతము! ఎడమవైపు పట్టికలోని వారందరిని నిలుపుకొని, జత దొరకనిచోట గడిని ఖాళీగా నుంచు లెఫ్ట్ జాయిను అను ముడి దీనికి మందు.

నాలుగవది ఆ ఖాళీ గడియే. మా ముసలమ్మ కథ యిచ్చటనే యున్నది. ఈ భాషలో ఖాళీని నల్ అందురు. అది సున్నయు గాదు, వట్టి కాగితమును గాదు, తెలియదని యర్థము. అందుచే నీ భాషలో జవాబులు అవును, కాదు అని రెండుగాక, తెలియదు అని మూడవది గలదు. తెలియదని తేలిన వరుసను యంత్రము చూపదు. ఈ మూడవ జవాబు వలదని కాడ్ మిత్రుడైన క్రిస్ డేట్ చిరకాలము వాదించెను; కావలెనని కాడ్ పట్టుబట్టెను.

మేమడిగిన ప్రశ్న యిది: పింఛను ముట్టినవారి జాబితాలో లేని సంఖ్యలు గల అర్హు లెవ్వరు? దానికి నాట్ ఇన్ అను మాట వాడితిమి. ముట్టినవారి జాబితాలో నెవరో యొక గుమాస్తా ఒక వరుసలో మనిషి సంఖ్యను వ్రాయక గడిని ఖాళీగా విడిచెను. ఇక యంత్రము ముసలమ్మ సంఖ్యను దీసికొని యొక్కొక్క వరుసతో బోల్చెను. అన్నిటితోను వేరనియే తేలెను. ఖాళీ గడివద్ద మాత్రము, ఇది యామె సంఖ్యయే యేమో, తెలియదనెను. అందుచే నామె జాబితాలో లేదని యది చెప్పజాలదయ్యెను. ఆమెవలెనే తక్కినవారికిని. ఒక్క గడి ఖాళీ యగుటచే నందరి పేర్లును మాయమైనవి. ప్రశ్నను మార్చి, ఆమె సంఖ్యతో ముట్టినట్టి వరుస యొక్కటియైన గలదా, లేనిచో ఆమె పేరు చూపుమని నాట్ ఎగ్జిస్ట్స్ అను మాటతో నడిగితిమి. పదునొకండు పేర్లు వచ్చినవి. వానిలో ముసలమ్మ పేరు నాల్గవది. అధికారి చేతిలోని కాగితమును మడిచి ప్రక్కన బెట్టిరి.

యంత్ర మబద్ధమాడలేదు. మేమడిగినది సరిగా లేదు. ఎవ్వరును లేరని యది చెప్పలేదు. ఉన్నారని నిశ్చయముగా జెప్పలేకపోయినది. ఖాళీ జవాబునకును, లేదను జవాబునకును గల యీ భేదమును దెలియకున్నచో బీదవాని కూడు పోవును.

ఇది మన కెందుకని మీరనుకొనరాదు. ఆంధ్రప్రదేశములో కరణీకములు 1984లో రద్దయినవి. 1998లో రిజిస్ట్రేషను కార్యాలయములకు కంప్యూటరులు వచ్చినవి. తాతగారి దస్త్రములోని భూములు నేడు పట్టికల గడులలో నున్నవి. కావున నెప్పుడైన, మీ పేరు యంత్రములో లేదని యొకరన్నచో, కోపపడక, వెనుదిరుగక, మర్యాదగా నీ మూడు మాట లడుగుడు: ముడి దొరకనివారిని గూడ చూచితిరా? ఖాళీ గడుల నేమి చేసితిరి? మొత్తమును కట్టుటకు ముందు ముడిపెట్టితిరా, కట్టిన పిదపనా? ఈ ప్రశ్నలకు చదువు పెద్దగా నక్కరలేదు. రెండు పుస్తకములు ప్రక్కప్రక్కన బెట్టి చూచిన యనుభవ ముండిన జాలును. అది మీకు గలదు.

సెలవు.